కళ్ళు తెరిచిన బొమ్మ

తొంభైల చివర్లో, నర్సీపట్నంలో ఉండగా పిల్లల కోసం నా మొదటి పుస్తకం రాసి, బొమ్మలూ నేనే వేశాను. అందులో పాపకి మా పక్కింటి నూకాలు ముఖమే దించాను. ఏటికొప్పాక లక్కబొమ్మని పక్కలో పెట్టుకుని పాప నిద్రపోవడంతో కథ అయిపోతుంది.

పుస్తకం అచ్చయి వచ్చేలోగా, నాలుగేళ్ళ నూకాలు మెదడువాపు జ్వరంతో పోయింది. పుస్తకాల కట్ట విప్పకుండా మంచం కిందకి తోసేశాను. అందులో ఉన్నది నూకాలు ముఖమేనని తెలిసి వాళ్ళమ్మే వచ్చి పుస్తకం అడిగింది. ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఇందులో కూడా కళ్ళు మూసీసుకునే ఉందేటక్కా? ఓపాలి తెరిపించవా?"

కుంచె పట్టి, మూసిన రెప్పల మీదే కళ్ళు దిద్దాను. రంగు ఆరకముందే ఆమె బొమ్మ చెంప నిమురుతూ, "లెగిసావా నూకాలూ" అంది.

ఓదార్చానో, గాయం రేపానో ఈనాటికీ తెలీదు. ఆ తర్వాత ఏ పుస్తకంలోనూ నిద్రపోయే పిల్లని వెయ్యలేకపోయాను.