అవునని కొట్టని అఫ్రాకోమా

టెచిమాన్ ఊరి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే అఫ్రాకోమాను అందరూ మొండిఘటం అంటారు. అనరా మరి! ఇంటికి ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ తరువాతే ఏం పని మీద వచ్చారని అడగాలని వాళ్ల అమ్మమ్మ నేర్పింది. ఈవిడ ఆ మర్యాద కంప్యూటర్లకూ పట్టించింది: ముందు అదెవరో తేల్చుకోవాలి, ఆ తరువాతే పని. ప్రతి కంప్యూటరూ తానెవరో చెప్పుకోవడానికి ఒక అక్షరాల వరస చూపిస్తుంది. దాన్ని వేలిముద్ర అంటారు. ఆ వేలిముద్రలన్నీ ఆమె నీలి అట్ట పుస్తకంలో చేత్తో రాసుకుంది. కంప్యూటర్ మూలపడినా ఆ వరస చెరపదు, మీద ఒక గీత గీస్తుంది.

ఒక మంగళవారం మధ్యాహ్నం, కాన్పు అయిన ఒకావిడకు రక్తస్రావం ఆగడం లేదు. ఆవిడకు ఎక్కించాల్సిన ఓ నెగటివ్ రక్తం ఏ ఊరి ఆసుపత్రి ఫ్రిజ్‌లో ఉందో చెప్పే జాబితా బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లో ఉంటుంది. వార్డులో అది తెరుచుకోలేదు. డాక్టర్ బెడియాకో పరుగున అఫ్రాకోమా గదికి వచ్చాడు. ఆమె తన కంప్యూటర్ని దానికి కలపబోతే తెర ఒక వేలిముద్ర చూపించి అడ్డుపడింది: ఇది మీకు తెలిసిన కంప్యూటర్ కాదు, అయినా కలపమంటారా?

"అవునని కొట్టేయ్ అక్కా. అక్కడ కొంపలు మునుగుతున్నాయి."

"ముక్కూమొహం తెలియనివాడు దారి చెబితే అంబులెన్సు పంపుతారా డాక్టరుగారూ?"

"అది మన కంప్యూటరే కదా!"

"మనదైతే నన్నెందుకు గుర్తుపట్టదు?"

భయం ఆమెకూ ఉంది. కానీ ఇదెవరబ్బా అన్న కుతూహలం అంతకంటే గట్టిగా పట్టుకుంది. పుస్తకం వెనక్కి తిప్పింది. తెర మీది వరస ఒక గీత కింద దొరికింది. రెండేళ్ల కిందట పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్ అది!

వెంటనే బ్లడ్ బ్యాంకులో పనిచేసే డొన్‌కోర్‌కు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, బీరువాలోని ముసలిదాన్ని బయటికి తీశావా?"

"పొద్దున కరెంటు పోయొచ్చాక కొత్తది లేవలేదక్కా. పాతదాన్ని దాని చోట తగిలించా. పనిచేస్తోందిగా?"

"ఏడ్చినట్టుంది. కరెంటు దెబ్బకు కొత్తదాని ప్లగ్గులో ఫ్యూజ్ పోయుంటుంది, అది మార్చు, త్వరగా."

ఆరు నిమిషాలు పట్టింది. బెడియాకో గడియారం చూస్తూ గొణుగుతూనే ఉన్నాడు. ఈసారి తెర ఏ ప్రశ్నా వేయలేదు. జాబితాలో వెంచి ఊరి పేరుంది, రెండు సంచులు. డ్రైవర్ అటు దూసుకుపోయాడు. బాలింత బతికింది.

సాయంత్రం పాత కంప్యూటర్ని విడిగా తెరిచి ఆమె డాక్టర్‌కు చూపించింది. రెండేళ్ల నాటి ఆ జాబితాలో కింటాంపో అని ఉంది. వెంచి వైపు కాదు, వేరే దారి, గంట ప్రయాణం. "అయితే మన బండి అటు వెళ్లేది," అన్నాడు బెడియాకో.

మర్నాడు ఆయన మళ్లీ ఆమె గదికి వచ్చాడు. ఏ పనీ పురమాయించలేదు. కుర్చీలో కూర్చుని, ఆమె ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఏం పని మీద వచ్చారు?" అంది అఫ్రాకోమా.

"అలా అడిగించుకోవడానికే అక్కా," అన్నాడు.