కుందేలు బామ్మ గొంతు

టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంటి క్లాజెట్టే నా స్టూడియో. బట్టల మధ్య మైకు పెట్టుకుని, అమెరికన్ కార్టూన్లకు ఫ్రెంచ్‌లో డబ్బింగ్ చెబుతాను. యానాంలో నేర్చుకున్న ఫ్రెంచ్ ఇక్కడ ఇలా పనికొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఈ పని నేర్పింది ఒక పెద్దావిడ. పుట్టింది ఫ్రాన్స్‌లో, ఉండేది మాకు కార్‌లో ఇరవై నిమిషాల దూరంలో. ఒక కార్టూన్‌లో కుందేలు బామ్మకు మొదటినుంచీ ఆవిడదే గొంతు. పెదవుల కదలికకు మాటను ఎలా సరిపెట్టాలో, నవ్వు ఎక్కడ ఆపాలో తన వంటింట్లో కూర్చోబెట్టి చెప్పారు. నిరుడు ఆవిడ గొంతుకు ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత గుసగుస మాత్రమే మిగిలింది.

కుందేలు బామ్మకు ఇక నన్ను డబ్బింగ్ చెప్పమన్నారు స్టూడియో వాళ్లు. పిల్లలకు తేడా తెలియకూడదట. ఒప్పేసుకున్నాను.

"ఆవిడకి చెప్పావా?" అన్నాడు మా ఆయన.

"ఫోన్‌లో బాగోదు. రేపు డ్రైవ్ చేసుకుని వెళ్లి చెప్తాను."

మిరియాల చారు పట్టుకుని వెళ్లాను. చెప్పలేకపోయాను. ఆవిడ పాత సంగతులేవో చెబుతుంటే, మాటకు ముందు ముక్కుతో చిన్నగా ఊపిరి తీసుకోవడం గమనించాను. తిరిగి వస్తూ కార్‌లో అదే సాధన చేశాను. తర్వాతి వారం మళ్లీ చారు, మళ్లీ అదే. పరామర్శకు వెళ్తున్నానో దొంగతనానికి వెళ్తున్నానో నాకే తెలియలేదు.

నేను చెప్పిన కొత్త భాగాలు టీవీలో వచ్చాక ఆవిడే రమ్మన్నారు. హాల్లో మనవరాలు టీవీ చూస్తోంది. కుందేలు బామ్మ మాట్లాడగానే ఆ పిల్ల వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మా, నీ గొంతు వచ్చేసింది కదా?"

ఆవిడ అవునన్నట్టు తల ఊపారు. పిల్ల మురిసిపోయి మళ్లీ టీవీలో మునిగిపోయింది. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్తే నేనూ వెనకే వెళ్లాను.

"నేనే మీకు చెప్పాల్సింది," అన్నాను.

"ఎప్పుడు చెప్తావా అని చూశాను." గుసగుసను అందుకోవడానికి నేను వంగాల్సి వచ్చింది. "నా తర్వాత ఎవరని స్టూడియో వాళ్లు నన్నే అడిగారు. నీ పేరు చెప్పింది నేనే."

ఆవిడ కాఫీ కలిపి ఇచ్చారు.

ఇప్పటికీ వారం వారం వెళ్తూనే ఉన్నాను. రికార్డ్ చేసేముందు డైలాగులు వినిపిస్తే ఎక్కడ తొందరపడ్డానో కాగితం మీద వేలితో చూపిస్తారు. మనవరాలికి మాత్రం ఆవిడా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.