ఎంగిలి పాయసం

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. దాచుకునుడు ఎందుకు, నాందేడ్‌ల మా రైల్వే కాలనీ దిక్కు ఎవర్నడిగినా చెప్తరు. కూరగాయలమ్మే మావ్శీ గూడ నన్ను చూడంగనే "ఆజ్ కోణావర్ చిడ్లా రే బాబా?" అని ఆట పట్టిస్తది. ఇయ్యాల ఎవరి మీద లేసినవురా అని ఆమె అడుగుడు. ఇప్పుడైతే నవ్వి ఊకుంట. గని ఒక ఏడు ఆ కోపం నా ఇరుముడికే అడ్డం అచ్చింది.

మా నాయిన రైల్వేల పనిచేసి రిటైరయిండు. నిజామాబాద్ దిక్కు నుంచి అచ్చి ఈడనే ఉండిపోయినోళ్లం. నేను నాందేడ్‌లనే పుట్టిన, మరాఠీ బడిల సదివిన. ఆఫీసుల మరాఠీ, బజార్ల హిందీ, ఇంట్ల, దేవుని దగ్గర తెలుగు. ఏటా చలికాలం మొదలైందంటే మా తెలుగోళ్లు ఓ ముప్పై మంది అయ్యప్ప మాల ఏసుకుంటరు. కాలనీ గుడి ఎనక రేకుల షెడ్డు ఏసి, అండ్ల పీఠం పెట్టి, నలభై ఒక్క దినాలు పగటీలి భిక్ష, అంటే స్వాములందరి అన్నం, అక్కడనే.

మొట్టమొదలు నేను మాలేసుకున్నది భక్తితోటి గాదు. అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. ఆఫీసుల ఒకరితోటి, గల్లీల ఇంకొకరితోటి రోజు పంచాదే. మా నాయిన యాష్టకచ్చి, "మాలేసుకోరా, నలభై దినాలన్న ఇల్లు సల్లగుంటది" అన్నడు. సరే తీయ్ అని ఏసుకున్న. పొద్దుగాల నాలుగున్నరకు లేసి సల్లనీళ్లు నెత్తి మీద గుమ్మరించుకుంటే అబ్బా, పానం పోయి పానం అచ్చేది. చెప్పులు లేవు, పరుపు లేదు, ఒక్క పూట అన్నం. అన్నిటికంటే కష్టం ఏందంటే, కోపం చేయొద్దు. చిన్నోడైనా పెద్దోడైనా, దుష్మన్ అయినా సరే, "స్వామి" అనే పిలవాలె. ఒకర్ని స్వామి అని పిలిచి ఎంటనే తిట్టుడు మస్తు కష్టం, మీరు గూడ చేసి చూడుండ్రి. ఆ ఏడు నలభై దినాలు నేను ఎవర్నీ తిట్టలే. మా అమ్మకు నమ్మబుద్ధి కాలే. నాకు గూడ ఏదో పెద్ద బరువు దిగినట్టైంది. అప్పటి సంది ఏటా ఏసుకుంటనే ఉన్న.

ఆరో ఏడు మా గురుస్వామి నన్ను పిలిచి వలంటీర్ల పని నాకు అప్పజెప్పిండు. గురుస్వామి రైల్వేల పాయింట్స్‌మన్‌గ చేసి రిటైరైన మనిషి, ఇరవై సార్లకు పైనే శబరిమల పోయిండు, గట్టిగ మాట్లాడంగ ఎవరూ వినలే. భిక్ష కాడ వడ్డించుడు, కూరగాయలు కోసుడు, గంజులు తోముడు, అన్నిటికి పద్నాలుగు మంది పోరగాండ్లు. కొందరు మాలల ఉన్నోళ్లు, కొందరు ఉత్తగ సేవకు అచ్చెటోళ్లు. నేను పోయి ఒక పొడుగు రిజిస్టర్ కొనుక్కచ్చిన. స్కేలు పెట్టి గీతలు కొట్టి, పేర్లు రాసి, తొమ్మిదిన్నరకు హాజరు. మూడు దినాలు లేటయితే గంజులు తోముడు వానిదే. ఆ రిజిస్టర్ సంకల పెట్టుకుని తిరుగుతుంటే నాకు నేనే తహసీల్దార్ లెక్క కొట్టిన. నిజం చెప్పాలె, మస్తు ఖుషీ అనిపించేది.

ఆ పద్నాలుగు మందిల ఒకడు రోజు లేటే. బిలోలి దిక్కు పిలగాడు, ఇరవై ఒక్కేండ్లు ఉంటయి, బస్‌స్టాండ్ కాడ మెస్సుల వంట చేస్తడు. పొద్దుటి టిఫిన్ల గిరాకీ అయినంకనే అచ్చేటోడు. మాల ఏసుకోలే, ఉత్తగ సేవకే. అచ్చినంక పని మాత్రం ఇద్దరి పని చేస్తడు, అది కాదనలే. గని వానిది ఒక అలవాటు ఉండె. భిక్ష అయిపోయి మేం వడ్డించినోళ్లం తినే టైముల, వాడు కూసోకుండ ఒక్కొక్కరి దగ్గరికి పోయి "తిన్నవా అన్నా? నువ్వు తిన్నవా కాకా?" అని అడుగుకుంట తిరిగేటోడు. అందరు తిన్నంకనే వాడు కూసునేటోడు. నాకు తిక్క లేసేది. "జనాభా లెక్కలు రాస్తున్నవా ఏంది? జల్ది తిని గంజులు లేపు" అనేటోన్ని. వాడు నవ్వి, "అయిపోయింది అన్నా, ఇంకొక్కరే" అనేటోడు.

ఇగ ఆ దినం. పడిపూజ, అంటే పద్దెనిమిది మెట్లు పేర్చి చేసే పూజ ఉండె, జనం ఎక్కువున్నరు. వంటాయనకు జ్వరం. పాయసం ఎవరు చేయాలె అంటే, మెస్సుల చేసెటోడు గదా అని నేనే ఆ పిలగాన్ని పొయ్యి కాడ నిలవెట్టిన. పెద్ద గంజెడు పాయసం. ఇలాచీ వాసన షెడ్డంత నిండింది. నేను రిజిస్టర్ పట్టుకుని ఎదురుంగనే నిలవడ్డ. వాడు గరిటెతోటి కలిపి, రెండు చుక్కలు అరచేతిల ఏసుకుని, సర్రున నాకి, "చక్కెర సరిపోయింది" అన్నడు.

నైవేద్యం పెట్టకముందు ఎవ్వరూ రుచి చూడొద్దు. ఉప్పు గూడ నాలుక మీద ఏసుకోవద్దు. దేవుడు తినకముందు మనిషి తిన్నడంటే ఆ గంజంత ఎంగిలే. అది మా ఇండ్లల్ల చిన్న పోరలకు గూడ ఎరుకే. వానికి గూడ ఎరుకే. గని మెస్సుల దినాం ఇరవై సార్లు చేసే పని, చెయ్యి దాని మానాన అది చేసింది. నోట్లకు పోయినంక వాని మొకం తెల్లగైంది. అది చూసినంక అన్న నేను ఆగాలె. ఆగలే.

"ఏరా, దిమాక్ ఉందారా నీకు? దేవునికంటే ముందు నువ్వు తింటవారా? నడువ్ ఈడికెళ్లి! మళ్ల ఈ షెడ్డు దిక్కు కనవడ్డవంటే చూడు!"

అందరి ముంగట. స్వాములు, ఆడోళ్లు, మరాఠీ పక్కింటోళ్లు, అందరు చూస్తుండంగ. అంతటితోటి ఊకోలే, రిజిస్టర్ తీసి వాని పేరు మీద అడ్డంగ గీత గీకిన. వాడు గరిటె కింద పెట్టిండు, చేతులు కడుక్కున్నడు, భుజం మీది తువ్వాల మడత పెట్టి గోడ మీద ఏసి ఎల్లిపోయిండు.

గురుస్వామి బెల్లం ముక్క, అరటిపండ్లు పెట్టి నైవేద్యం చేసిండు. "పాయసం పారబోయకుండ్రి, దేవునికి పనికిరాకుంటే మనకు పనికత్తది" అన్నడు. అందరం తిన్నం. చక్కెర మస్తు కుదిరింది. అదింకా ఎక్కువ కోపం తెప్పించింది నాకు.

అందరు పోయినంక గురుస్వామి నన్ను పక్కకు కూసోవెట్టిండు. నన్ను మెచ్చుకుంటడేమో అనుకున్న, చూడుండ్రి నా తెలివి.

"స్వామీ, మాలల ఉన్నది ఎవరు?" అన్నడు.

"నేనే స్వామీ."

"ఆ పిలగాడు చూసుకోక చేసిండు. నువ్వు తెల్సి చేసినవ్. ఏరా అన్నవ్, ఎల్లగొట్టినవ్. నీ దీక్ష ఏమైంది మరి?"

నేను సంకల ఉన్న రిజిస్టర్ తీసి కింద పెట్టిన.

"ఇంకా పద్దెనిమిది దినాలున్నయి. నువ్వు ఆయన్ని తోలుకరాందే నీ నెత్తి మీద ఇరుముడి పెట్ట. రైలు టికెట్టు నీకు ఉంటే ఉండనీ." గట్టిగ అనలే. ఎప్పటి లెక్కనే మెల్లగ అన్నడు. ఆయన మాట మాటే అని నాకు ఎరుక.

నెత్తి మీద ఇరుముడి మూట లేకుంటే శబరిమల కాడ పద్దెనిమిది మెట్లు ఎక్కనియ్యరు. అయిదేండ్ల సంది ఎక్కిన మెట్లు. నాకు పానం గాబరైంది. గని అంతకంటే ఎక్కువ కోపమైంది. తప్పు చేసింది వాడు, పోయి బతిమిలాడాల్సింది నేనా?

తెల్లారి హాజరుకు పద్నాలుగు మందిల అయిదుగురే అచ్చిండ్రు. ఒకనికి ఫోన్ చేస్తే, "మాకు గూడ ఎప్పుడన్న చెయ్యి జారుతది గదా అన్నా" అని పెట్టేసిండు. ఆ దినం నేనే అన్నం వార్చిన, నేనే సాంబారు మోసిన. అడుగంటిన అన్నం వాసన స్వాములందరికి అచ్చింది. పాపం అదే తిన్నరు. అందరు తినిపోయినంక ఒక్కన్నే కూసున్న. తిన్నవా అని అడిగెటోడు లేడు. రిజిస్టర్ మాత్రం పక్కన ఉన్నది.

మూడో దినానికి మెస్సుకు పోయిన. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, బస్‌స్టాండ్ కాడ కంకర కసుక్కున గుచ్చుకుంటుంటే. వాడు పెనం మీద దోసెలు పోస్తున్నడు. నన్ను చూసి "స్వామీ శరణం" అన్నడు మర్యాదగ. నేను, "రేపటి సంది తొమ్మిదిన్నరకు రా, అందరు నీ కోసం అడుగుతున్నరు" అన్న. వాడు దోసె తిప్పి, "మీరు పిలుస్తలేరు స్వామీ, హాజరు తీసుకుంటున్నరు" అన్నడు. అబ్బ! చెంప మీద కొట్టినట్టైంది. తిరిగి అచ్చిన.

తెల్లారి మళ్ల పోయిన. ఆ దినం అసలు నోరే పెగల్లే. చాయ్ తాగని మనిషిని మెస్సు ముంగట అరగంట నిలవడితే ఓనర్ కాకా బయటికచ్చి, "బసా మహారాజ్, బసా" అని కుర్చీ ఏసిండు. కూసుని లేసి అచ్చిన. షెడ్డుకచ్చి పీఠం ముంగట కూసుని అయ్యప్పను గట్టిగనే అడిగిన, "ఒక్క మాట అననీకి నాకు ఇంత బరువెందుకైతుంది?" అని. ఆయనేం చెప్తడు. నాకే ఎరుకైంది. అయిదేండ్లు నేను కోపాన్ని నలభై దినాలు దాచుకునుడు నేర్చుకున్న, అంతే. తగ్గుడు నేర్చుకోలే.

మూడోసారి పోయినప్పుడు మెస్సు కిక్కిరిసి ఉన్నది. సరే, అందరి ముంగట తిట్టిన గదా, అందరి ముంగటనే అంట అనుకున్న. చేతులు కడిగే నల్లా పక్కన నిలవడి, "స్వామీ, తప్పు నాది. నువ్వు చూసుకోక చేసినవ్, నేను మాలల ఉండి తెల్సి తిట్టిన. మాఫ్ చెయ్" అన్న. నా గొంతు నాకే కొత్తగ వినవడ్డది. వాడు పెనం కాడ నుంచే నన్ను చూసిండు. వస్త అనలే, రాను అనలే.

"తిన్నరా స్వామీ?" అన్నడు.

లేదు, తినలే. బయటి అన్నం దీక్షల తినొద్దు, వానికి ఎరుకే. లోపలికి పోయి రెండు అరటిపండ్లు తెచ్చి చేతిల పెట్టిండు. ఆడనే నిలవడి తిన్న. ఎందుకో గొంతుల పడుతనే కండ్లల్ల నీళ్లచ్చినయి.

రెండు దినాలైంది, రాలే. మూడో దినం పొద్దుగాల పీఠం కాడ హాజరు తీసుకుంటుంటే పోరగాండ్లందరు గుసగుస పెట్టిండ్రు. తలెత్తి చూస్తే నల్లబట్టలు కట్టుకుని, మెడల మాలతోటి వాడు నిలవడ్డడు. మిగిలిన దినాలకే గురుస్వామి తెల్లారగట్లనే మాలేసిండట, నాకు చెప్పనే లేదు. కన్నెస్వామి, అంటే మొదటిసారి మాల ఏసుకున్నోడు. మా దాంట్ల ఇద్దరు స్వాములు ఎదురు పడితే ఒకరి కాళ్లు ఒకరు మొక్కాలె. చిన్నా పెద్దా లేదు, ఆరేండ్ల స్వామి, ఆరు దినాల స్వామి లేదు. నా చేతిల రిజిస్టర్ ఉన్నది, అండ్ల వాని పేరు మీద నేను గీకిన గీత ఉన్నది. ఒక్క నిమిషం ఆగిన, ఉన్నది చెప్తున్న. ఆగి, రిజిస్టర్ గోడ మీద పెట్టి వంగిన. అదే టైముకు వాడు గూడ వంగిండు. ఇద్దరి తలకాయలు ఠప్పున కొట్టుకున్నయి. పోరగాండ్లు పొట్టలు పట్టుకుని నవ్విండ్రు. గురుస్వామి గూడ నవ్విండు. వాడచ్చిండని తెల్సి రానోళ్లు గూడ ఉరికచ్చిండ్రు, మొత్తం పద్నాలుగు మంది ఆ దినం భిక్షకున్నరు.

"మాలెందుకేసుకున్నవ్ స్వామీ?" అని అడిగిన తర్వాత.

"ఎంగిలి చేసింది నేనే గద స్వామీ, నాకు గూడ మనసుల ఉండదా?" అన్నడు.

ఇరుముడి కట్టే దినం పొద్దటి సంది నేను ఉరుకుడే. బియ్యం, నెయ్యి, కొబ్బరికాయలు, స్టేషన్‌కు బండ్లు. నా వంతు అచ్చింది. మా అమ్మా నాయిన బియ్యం పోసిండ్రు, ముడి కట్టిండ్రు. గురుస్వామి ఇరుముడి చేతుల పట్టుకుని నా నెత్తి మీద పెట్టకుండ ఆగి, ఆ పిలగాని దిక్కు తిరిగిండు. "కన్నెస్వామీ, పెట్టనా?" అన్నడు. శరణాలు ఆగిపోయినయి. మా అమ్మ నా మొకం చూసింది. వాడు వద్దంటే వద్దనే, నాకు అడిగే హక్కు గూడ లేదు.

"పెట్టుండ్రి స్వామీ," అన్నడు వాడు. "గని పొద్దటి సంది ఆయన ఏం తినలే, నేను చూస్తనే ఉన్న. జరంత ప్రసాదం పెట్టినంక పెట్టుండ్రి."

నేను అందరి ముంగట ఎక్కెక్కి ఏడ్చిన. ఏడ్చుకుంటనే తిన్న.

ఇప్పటికీ వలంటీర్ల పని నాదే. ఆ బిలోలి స్వామి వంట చూస్తడు, చక్కెర రుచి చూడకుండ గుప్పిటతోటి కొలిచి ఏస్తడు. రిజిస్టర్ గూడ ఉన్నది. తొమ్మిదిన్నర హాజరు పక్కన ఇంకో గడి గీసిన, పగటీలి తిన్నరా లేదా అని. ఒక్కొక్కరి దగ్గరికి పోయి నేనే అడిగి నింపుత. నా పేరు ముంగటి గడి మాత్రం ఆయన అచ్చి, నన్ను అడిగి, ఆయన చేతితోటే టిక్కు కొడ్తడు.