ఎవరి గోడనూ వదలని పెయింటరు

ముప్పయ్యేళ్లు ఊరివాళ్ల గోడల మీద సబ్బుల ప్రకటనలు రాసి బతికిన ఆ పెయింటరుకి, పని మానేశాక, ప్రకటనలంటే ఒళ్లుమంట. ఫోనులో వార్తలు చదువుతుంటే మధ్యలో నడుంనొప్పి మాత్రలు వచ్చి కూర్చుంటున్నాయని కూతురి చేత యాడ్ బ్లాకర్ పెట్టించుకున్నాడు.

పని చేసిన రోజుల్లో మాత్రం ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. ఇంటివాళ్లు లేచేలోపు నిచ్చెన వేసి, మనిషెత్తు అక్షరాలు దింపేసి ఉడాయించేవాడు. ఒక్క ఇంటి దగ్గరే దొరికిపోయాడు. చివరి అక్షరానికి మెరుగులు దిద్దుతుండగా ఒక అమ్మాయి బకెట్టెడు నీళ్లు నెత్తిన కుమ్మరించి, "ఉండు, ఇప్పుడే సున్నం కొట్టేస్తా!" అని అరిచింది. ఆ అమ్మాయినే పెళ్లాడాడు. మామగారు గడప తొక్కనివ్వలేదు. ఇతగాడూ పౌరుషానికి పోయి ఆ వీధి మొహం మళ్లీ చూడలేదు.

"నా చేతికి అంత బాగా కుదిరిన రాత ఇంకోటి లేదు. దాన్ని చెరిపేసిన ఘనత నీది," అని నలభై ఏళ్లుగా భార్యను దెప్పుతూనే ఉన్నాడు. ఆవిడ విననట్టే ఉండేది.

ఒక ఉదయం కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, తాతయ్య ఇల్లు పడగొట్టేశారట. అంతకుముందు తీసిన ఫొటో వార్తల సైటులో ఉంది. నువ్వు రాసిన వెనక గోడ కూడా కనిపిస్తోందట అందులో. లింకు పంపాను, చూడు."

నొక్కాడు. ఫొటోకి బదులు నోటీసు వచ్చింది. 'మీరు ప్రకటనలను అడ్డుకుంటున్నారు. మేం బతికేదే వాటి మీద. దయచేసి బ్లాకర్ ఆపి రండి.'

"నాకే చెబుతారా నీతులు! చూడకపోతే కొంపేం మునగదు," అని మండిపడ్డాడు.

"వాళ్లు దయచేసి అన్నా అన్నారు. మీరెప్పుడైనా అన్నారా?" అంది భార్య.

ముందుగదిలో మూడు చుట్లు తిరిగాడు. గోడే లేదు, ఇక చూడ్డానికి మిగిలింది ఆ ఫొటో ఒక్కటే అని తట్టింది. రోషం దిగమింగి బ్లాకర్ ఆపాడు.

చెప్పులు, పళ్లపొడి, జుట్టునూనె ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. "ఇవీ అక్షరాలేనా? తాగి రాసినట్టున్నాయి!" అని తిడుతూ ఒక్కొక్కటే మూశాడు. మూయబోయి రెండుసార్లు నూనె కంపెనీలోకి వెళ్లిపడ్డాడు.

చివరికి గోడ కనిపించింది. గోడంతా సున్నం. మధ్యలో ఎర్రగా సబ్బు పేరు, వెలిసినా చెక్కుచెదరకుండా. ప్రతి అక్షరం అంచు దాకా వచ్చి సున్నం ఆగిపోయింది. ఒత్తుల వంపుల్లో కూడా ఒక్క చుక్క పడలేదు.

భార్య వైపు చూశాడు.

"నాన్న సున్నం కొట్టమన్నారు, కొట్టాను," అంది ఆవిడ. "అక్షరాలు వదిలేసి చుట్టూ కొట్టాను. చిన్న కుంచెతో రెండు రోజులు పట్టింది."

"మరి ఇన్నేళ్లూ నోరు మెదపలేదేం?"

"చెబితే మిమ్మల్ని పట్టగలమా?" అంది. మళ్లీ తనే, "బాగా రాశారండీ," అంది.

నలభై ఏళ్లలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. పెయింటరు ఫోను పక్కన పెట్టేశాడు.

"ఏదీ, ఇంకోసారి అను," అన్నాడు.