డెమో క్లాసుకు ముందు వచ్చిన దండ

మందుల పేర్లు నాకు గుర్తుండవు. ఎవరు ఏమన్నారో మాత్రం గుర్తుంటుంది, ఎక్కడ నిలబడి ఏ ముఖం పెట్టుకుని అన్నారో కూడా. నాకు థైరాయిడ్ గ్రంథిలో క్యాన్సర్ అని తేలినప్పుడు మా ఆడపడుచు నోట వచ్చిన మొదటి మాట, "కోత కనపడకుండా మెడ పైదాకా ఉండే జాకెట్లు కుట్టించుకో వదినా" అని. నా ప్రాణం సంగతి ఆ తర్వాత అడిగింది.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేను డేటాబేస్ పాఠాలు చెబుతాను. పొద్దున ఏడు గంటల బ్యాచ్ నాది. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళ నుంచి పిల్లలు తడి తలలతో, టిఫిన్ కూడా తినకుండా వచ్చేవారు. నేను మైకు పట్టుకునేదాన్ని కాదు. నా గొంతుకు పక్క గదిలో జావా చెప్పే ఆయన తలుపు మూసుకునేవాడు. ఆపకుండా నోట్స్ చెబుతుంటే చివరి బెంచీ వాళ్ళు కూడా ఒక్క ముక్క పోకుండా రాసుకునేవాళ్ళు. ఆ గొంతే నా ఆస్తి అనుకునేదాన్ని.

ఆపరేషన్‌లో ఆ ఆస్తే పోయింది. కణితి గొంతు నరాన్ని చుట్టుకుని ఉండడంతో నరాన్ని కూడా తీసేయవలసి వచ్చింది. ఇప్పుడు నేను మాట్లాడితే గాలి ఎక్కువ, మాట తక్కువ. మెడలో గడ్డ పోయింది గానీ ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు మిగిలాయి. ఆరు నెలలకోసారి పంజగుట్టలో ఆసుపత్రికి వెళ్ళి చూపించుకోవాలి. అక్కడి డాక్టరమ్మ, నాకంటే బాగా చిన్నది, రిపోర్టు చూసి అంది: "అవి పెరగడం లేదండీ. వాటి జోలికి మనం పోవద్దు. అవి ఉంటాయి, మీరూ ఉంటారు."

అద్దె కట్టని వాళ్ళను ఇంట్లో ఉండనివ్వమన్నట్టు అనిపించింది. చాలా రోజులు ఆవిడ మీద కోపంగా ఉన్నాను. తరువాత ఎప్పుడో, కూరగాయలు తరుగుతూ, ఆ మాటలోని రెండో సగం విన్నాను. నాకు నచ్చి గుర్తుపెట్టుకున్న మాటలు తక్కువ. వాటిలో అదొకటి.

ఇన్‌స్టిట్యూట్ యజమానిని మేమంతా సార్ అంటాం. ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రికి ఆపిల్ పళ్ళు పట్టుకుని వచ్చాడు. సంచీ మీద ఇన్‌స్టిట్యూట్ ప్రకటన ఉంది. "హెల్త్ ముఖ్యం మేడమ్. బ్యాచ్ యాడికి పోతది? ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. ఆ సోమవారమే బ్యాచ్ ఒక కొత్త కుర్రాడి చేతికి పోయింది. నేను తిరిగి వెళ్ళేసరికి నన్ను ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చోబెట్టారు. డేటాబేస్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు గది ఎటో చూపించడం నా పని. లోపల నా ఉదాహరణలే చెబుతున్న ఆ కుర్రాడి మాటలు గోడ దాటి నాకు వినిపించేవి. కౌంటర్ ముందు పిల్లలు "జలుబు చేసిందా మేడమ్?" అని అడిగేవాళ్ళు.

నా బ్యాచ్ నాకివ్వమని సార్ గది తలుపు ఎన్నిసార్లు తట్టానో ఆయననే అడగాలి. చివరికి విసిగిపోయాడు.

"సరే మేడమ్, ఒక్క డెమో. సగం రూము జాయినైతే ఏడు గంటల బ్యాచ్ మీదే. లేకుంటే కౌంటర్ల కూసోవాలె, మళ్ళ అడగొద్దు. మైకు మాత్రం పెట్టుకోవాలె."

"మైకు పెట్టుకోను."

"గట్లయితే ఎట్ల వినబడ్తది?"

"వినాలనుకున్నవాళ్ళకు వినపడుతుంది."

డెమో అంటే అమీర్‌పేటలో పెళ్ళిచూపుల వంటిది. డబ్బు కట్టకముందు మొదటి క్లాసు ఊరికే వింటారు. నచ్చితే చేరతారు, లేకపోతే మధ్యలోనే లేచి ఎదుటి బిల్డింగ్‌లో ఇంకో డెమోకు పోతారు. అందుకే చాలామంది తలుపు దగ్గర కూర్చుంటారు. అలాంటి పిల్లల ముందు ఈ గొంతుతో నిలబడాలి. యూసుఫ్‌గూడలో మా ఇంట్లో ఆ వారమంతా ఇదే గొడవ. మా ఆయన మెడకు తగిలించుకునే చిన్న మైకు, నడుముకు కట్టుకునే స్పీకరు కొని తెచ్చాడు.

"ఏంటే నీ పట్టుదల? చర్చిలో పాస్టరుగారికి అంత గొంతు ఉండి కూడా మైకు పెట్టుకోవట్లా?"

"ఆయనకు గొంతు ఉంది కాబట్టి పెట్టుకుంటే ఎవరూ ఏమనరు. నేను పెట్టుకుంటే, పాపం, గొంతు పోయింది అంటారు."

"పోయింది కదే మరి!"

ఆ మాటకు రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. స్పీకరును మాత్రం నా సంచీలో పెట్టేశాడు, నేను తీయలేదు.

డెమో రోజు పొద్దున మెట్రో దిగి మా సందులోకి తిరిగాను. ఇన్‌స్టిట్యూట్ ముందు కరెంటు స్తంభానికి పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మధ్యలో నా ఫోటో. చుట్టూ బంతిపూల బొమ్మలు, కింద రెండు వైపులా వెలుగుతున్న దీపాలు. పైన పెద్ద అక్షరాలతో "క్యాన్సర్‌తో ధైర్యంగా పోరాడిన మా ప్రియమైన మేడమ్" అని ఉంది. సార్ దాని కింద "మళ్ళీ మీ కోసం వస్తున్నారు, ఉచిత డెమో" అని కూడా వేయించాడట. ఆ వరస మీద ఎవరో లేడీస్ హాస్టల్ బ్యానర్ కట్టేశారు. అమీర్‌పేటలో ఎవరి బ్యానర్ మీదైనా తెల్లారేసరికి ఇంకొకరి బ్యానర్ ఉంటుంది. దానితో నేను స్వర్గస్థురాలినైపోయాను.

టీ కొట్టు దగ్గర ఇద్దరు పిల్లలు తలెత్తి చూస్తున్నారు.

"గీ మేడమ్ పోయిందా? మస్తు చెప్తుండెనంట రా."

"డెమో ఉన్నదో లేదో మరి. క్యాన్సిల్ చేసుంటరు."

"క్యాన్సిల్ చేయలేదు. పైకి పదండి," అన్నాను. నా మాట విని వెనక్కి తిరిగారు. ఒకసారి ఫ్లెక్సీని, ఒకసారి నన్ను చూసి, చేతిలో టీ కూడా వదిలేసి మెట్లెక్కారు.

లోపల కౌంటర్ దగ్గర నా పాత విద్యార్థి నిలబడి ఉన్నాడు. ఇప్పుడు లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం. చేతిలో తెల్ల చామంతుల దండ. నన్ను చూసి దండను వీపు వెనక దాచుకున్నాడు.

"మేడమ్... మీరు... ఉన్నరా?"

"ఉన్నాను. అది నాకేనా?"

"సారీ మేడమ్. రాత్రి ఈ సందుల నుంచి పోతుంటె ఫ్లెక్సీ జూసిన. ఫోటో తీసి మా బ్యాచ్ గ్రూపుల పెట్టిన. అందరు మస్తు ఏడ్చిండ్రు మేడమ్."

"ఏం రాశారో చూపించు."

"వద్దు మేడమ్."

"నా చావు మీద రాసినవి నేను చూడకపోతే ఎవరు చూస్తారు? ఫోన్ ఇటివ్వు."

కౌంటర్ దగ్గర నిలబడే చదివాను. గొంతు గురించి రాసి ఉంటారని వెతికాను. పక్క గది తలుపు మూయించిన గొంతు కదా! ఒక్కరంటే ఒక్కరు ఆ మాట ఎత్తలేదు. ఒకమ్మాయి రాసింది: తప్పు చేస్తే మేడమ్ చెప్పేవారు కాదు, పక్కన నిలబడి నేనే కనుక్కునేదాకా కదిలేవారు కాదు అని. ఇంకొకడు, ఇంటర్వ్యూలో భయమేసినప్పుడు మేడమ్ అడిగే "తరవాత?" గుర్తు తెచ్చుకున్నానని రాశాడు. మధ్యలో ఒకడు, "కోపం ఎక్కువగానీ మంచి మనిషి" అని కూడా పెట్టాడు. వాడి పేరు చూసి పెట్టుకున్నాను.

ఇన్నేళ్ళూ నేను పెద్ద గొంతుతో చెప్పినదంతా వాళ్ళు నోట్స్‌లో రాసుకుని మరిచిపోయారు. నేను నోరు మూసుకుని వాళ్ళ పక్కన నిలబడిన క్షణాలు వాళ్ళ దగ్గర మిగిలాయి. ఏ డాక్టరూ తీసేయలేనిది నా దగ్గర ఇంకా ఉందన్నమాట. సంతోషమో కోపమో తెలియలేదు. ఈ ముక్క బతికుండగా ఒక్కడైనా చెప్పాడా?

"కళ్ళు తుడుచుకుండ్రి మేడమ్," అన్నాడు దండ తెచ్చినవాడు.

"దుమ్ము. దండ అవతల పెట్టి నాకు ఈ స్పీకరు బెల్టు కట్టు."

గది నిండింది. పోయిన మేడమ్ పాఠం చెబుతుందట అని టీ కొట్టు పిల్లలు అందరికీ చెప్పి ఉంటారు. మైకు ఆన్ చేయగానే కీచుమంది, అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. నోట్స్ చెప్పలేదు. "ఒక హాస్టల్ ఉంది. గదులున్నాయి, మనుషులున్నారు. ఎవరు ఏ గదిలో ఉన్నారో ఎలా రాసిపెడతారు?" అని అడిగి ఊరుకున్నాను. ఒకబ్బాయి బోర్డు దగ్గరికి వచ్చి మనుషులనూ గదులనూ కలిపి ఒకే పట్టిక, అంటే టేబుల్, గీశాడు. "ఒకడు గది మారితే?" అన్నాను. వాడు తల గోక్కున్నాడు. వెనక నుంచి ఒకమ్మాయి, "గట్ల కాదు, గదులకు వేరే టేబుల్ పెట్టాలె!" అని అరిచింది. "తరవాత?" అన్నాను. ఆ గంటలో నాకంటే వాళ్ళే ఎక్కువ మాట్లాడారు. ఊపిరి అందక నేను ఆగినప్పుడు, ఆలోచించుకోమంటున్నాననుకుని ఆలోచించారు. మధ్యలో లేచిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఆకుపచ్చ చొక్కావాడు ఎక్కడ కనపడినా గుర్తుపడతాను.

అయ్యాక సార్ తలలు లెక్కపెట్టుకుని నన్ను పిలిచాడు.

"మంచిగనే చెప్పిండ్రు మేడమ్. కానీ సగం కాలే. కొంచెం తక్కువైంది. మాటంటే మాట."

"మాటంటే మాటే సార్. బ్యాచ్ ఎక్కడికి పోతుంది అన్నది కూడా మాటే. దాని సంగతి ముందు తేల్చండి. నడివీధిలో నన్ను దీపాల మధ్య నిలబెట్టి చంపిన సంగతి తర్వాత మాట్లాడదాం."

"అది హాస్టలోళ్ళు కట్టిండ్రు మేడమ్, నేనేం జేస్త?"

"దీపాలు ఎవరు వేయించారు?"

సార్ పెన్నుకు మూత పెట్టాడు. "రేపు ఏడింటికి రాండ్రి. జర, ఆ దీపాల ముచ్చట మాత్రం ఎవరికీ చెప్పకుండ్రి," అన్నాడు. అందరికీ చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను కూడా.

బ్యాచ్ మొదలైన కొన్నాళ్ళకు స్కాన్ తేదీ వచ్చింది. పంజగుట్ట వెళ్ళాలి, ఒకరోజు క్లాసు ఉండదని చెప్పాను. ఎవరైనా అయ్యో అంటారేమో, అంటే ఏం సమాధానం చెప్పాలా అని సిద్ధమై ఉన్నాను. డెమోలో వెనక నుంచి అరిచిన అమ్మాయే లేచింది.

"గట్లెట్ల మేడమ్? టాపిక్ సగంల ఉన్నది. ఇంకో రోజు ఎక్‌స్ట్రా క్లాసు పెట్టాలె."

"ఆదివారం నేను చర్చికి వెళ్ళాలి."

"శనివారం సాయంత్రం పెట్టుండ్రి మరి."

పెట్టాను. స్కాన్‌లో మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టరమ్మ ఆరు నెలల తర్వాత రమ్మంది. అప్పటికి ఈ బ్యాచ్ అయిపోయి ఇంకో బ్యాచ్ మధ్యలో ఉంటుందని, స్కాన్ పొద్దునపూట కాకుండా మధ్యాహ్నానికి వేయమని ఆవిడతో చాలాసేపు వాదించాను.