తిరిగొచ్చిన అల

గోడకు కొట్టిన బంతి తిరిగొస్తుందని పిల్లలకు కూడా తెలుసు. గాలిలో లేచిన అల కూడా అంతేనని ఏటా పాఠం చెప్పే నాకు మాత్రం, పీడనం కొలిచే సెన్సర్ బిగించిన రోజున ఆ సంగతి గుర్తు రాలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ శాఖాధిపతిగా పనిచేశాను. శాఖ నాదే గానీ, ఆకులన్నీ సాఫ్ట్‌వేర్ వైపే రాలుతుండేవి. నాకు మిగిలిన వైభవం షాక్ ట్యూబ్ ఒక్కటే. గది పొడవునా ఉక్కు గొట్టం, మధ్యలో పలుచని పొర. ఒక పక్క గాలి కూరితే పొర చిట్లి, రెండో పక్క షాక్ వేవ్, అంటే ధ్వనిని మించిన వేగంతో పోయే పీడనపు అల, పరుగెత్తుతుంది. పొర కోసం చేవెళ్ల దవాఖానలో పారేసే ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చేవాళ్లం. ఎవరి పక్కటెముకలో పాపం, మా చేతిలో మళ్లీ విరిగేవి.

మా చైర్మన్ చేవెళ్ల కిరాణా వ్యాపారి. గొట్టం తీసేసి ఆ గదిలో కంప్యూటర్లు పెట్టాలని ఆయన పట్టు. ఒక్కసారి చూసి నిర్ణయించమన్నాను. కంప్యూటర్ శాఖాధిపతి రాఘవను వెంటబెట్టుకొని వచ్చారు. ఢామ్మన్నది. సెన్సర్‌కు కలిపిన తెర మీద గీత ఒకటి లేచి, అక్కడే ఆగిపోయింది.

"అన్నా, నీ అల గోడకు గుద్దుకొని సచ్చినట్టున్నదే! మేమైతే రీస్టార్ట్ కొడ్తుంటిమి" అన్నాడు రాఘవ.

"సోమవారం కంప్యూటర్లొస్తున్నయ్ సార్. జర గది ఖాళీ చెయ్యున్రి" అన్నారు చైర్మన్.

చచ్చింది అల కాదు, సెన్సర్. పోయే అలకు సరిపడేదే బిగించాను. గొట్టం మూసిన చివరకు తగిలిన అల వెనక్కి వస్తూ, అప్పటికే నొక్కుకుపోయిన గాలిని మళ్లీ నొక్కుతుంది. పీడనం ఇంకా పెద్ద మెట్టు ఎక్కుతుంది. ఇంత సామర్థ్యం మనకెందుకని బీరువాలో పెట్టిన పెద్ద సెన్సర్‌ను ఈసారి చివరి గోడకు జానెడు ఇవతల బిగించాను.

సోమవారం, బండిలోంచి కంప్యూటర్లు దించకముందే చైర్మన్‌ను బతిమాలి లోపలికి తెచ్చాను. ఢామ్మన్నది. తెర మీద ఒక మెట్టు, వెంటనే అంతకు మించిన మెట్టు.

"చిన్నది పోయిన అల సార్. పెద్దది తిరిగొచ్చింది."

"పోయినదానికన్న వచ్చిందే ఎక్కువున్నదా?" ఆయన కళ్లు మెరిశాయి. "గిదే గద సార్ యాపారం! ఈ గొట్టం ఈడనే ఉండాలె. మరి కంప్యూటర్లు ఏడ పెడ్దం?"

"రాఘవ గది పెద్దగున్నది సార్" అన్నాను.

సెన్సర్‌ను తిరిగొచ్చే దెబ్బను చూసి ఎంచుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. కంప్యూటర్లు రాఘవ గదిలో నిండాయి, అతని కుర్చీ నా గొట్టం పక్కకు చేరింది. గాలి కూరే వాల్వు తిప్పేముందు గదిలో ఉన్నవాళ్లను గట్టిగా హెచ్చరించాలని నియమం. తప్పకుండా హెచ్చరించేవాణ్ణి, చాయ్ కప్పు అతని పెదవి దాకా వచ్చాక.