క్యారియరు తెచ్చుకున్న మేనమామ

మా మేనమామ ఇక లేరన్న వార్త మాకు బస్సు డ్రైవరు చెప్పాడు. పోయిన మంగళవారం కావలి నుంచి వచ్చే బస్సును మా వీధి మొగదల ఆపి, దిగి ఇంటిదాకా వచ్చాడు. "అమ్మా, నెల్లూరులో మన ప్లీడరయ్య పొద్దున్నే కన్ను మూసినాడంట. నిద్దట్లోనే పోయినాడంట," అన్నాడు. మా అమ్మ వసారాలో స్తంభం పట్టుకుని కూలబడింది. ఏడ్చి ఏడ్చి, కాసేపటికి, "బాధపడకుండా పోయినాడు. మళ్లీ మనింట్లో తిన్నాకే పోయినాడు," అంది. ఆ మాటకు మా నాన్న కండువాతో ముఖం కప్పుకున్నారు. ఎందుకో మీకు చెప్పాలి.

మీలో కొందరికి ఆయన నల్లకోటు ప్లీడరుగా తెలుసు, కొందరికి ఎమ్మెల్యేగా. నాకు మాత్రం మామయ్య, అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. జువ్వలదిన్నె వైపు వలల తగాదా వచ్చిందంటే రెండు పక్షాలవాళ్లూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, "ఓడినోడు కోర్టులో ఏడిస్తే గెలిచినోడు ఇంటికి పోయి ఏడ్చినాడంట. మీరెక్కడ ఏడుస్తారో తేల్చుకోండి," అనేవారు. సగంమంది అక్కడే రాజీపడి వెళ్లిపోయేవాళ్లు. వచ్చిన కేసుల్ని ఇలా తరిమేసే ప్లీడరు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని మా అత్తయ్య దెప్పేది.

ఆ జనమే పట్టుబట్టి ఆయన్ను ఎన్నికల్లో నిలబెట్టారు, గెలిపించారు. సముద్రం ఒడ్డు ఊళ్లకు రోడ్డు వేయించారు. రెండోసారి ఓడిపోయారు. ఓడిన రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి, కడుపునిండా తిని, "ఇంక నా నిద్ర నాది అక్కా," అని నులకమంచం ఎక్కి గురక పెట్టారు. అంత హాయిగా ఓడిపోయిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ నిద్ర ఆయనకు ఎక్కువకాలం దక్కలేదు. జిల్లాలో బస్సులకు పర్మిట్లిచ్చే కమిటీకి ప్రభుత్వం ఆయన్ను పెద్దగా వేసింది. సరిగ్గా అప్పుడే మా నాన్న, ఆ కొత్త రోడ్డు మీద బస్సు నడుపుతానని అర్జీ పెట్టారు. బావమరిది బతక కోరతాడంటారు కదా! ఊళ్లో అందరూ పర్మిట్ వచ్చేసినట్టే మాట్లాడారు. బస్సు ముందర ఏ దేవుడి పేరు రాయించాలో నాన్న అప్పుడే ఎంచుకున్నారు కూడా.

నేను మొదటి కాన్పుకు పుట్టింట్లో ఉన్నాను. నా బిడ్డ బారసాలకు మామయ్య వచ్చారు, చేతిలో ఇత్తడి క్యారియరుతో. అందరం పిండివంటలనుకున్నాం. పందిట్లో విస్తళ్లు వేశాక ఆయన ఓ పక్కన కూర్చుని క్యారియరు విప్పి, తెచ్చుకున్న పులిహోర తినడం మొదలుపెట్టారు. బంధువులంతా ముద్ద చేతిలో పట్టుకుని అలాగే చూస్తున్నారు.

"ఏందిరా అబ్బయ్యా ఇది? నా చేతి కూడు విషమైందా?" అంది అమ్మ.

"బావ అర్జీ నా ముందరుండాది అక్కా. అది తేలిందాకా మీ ఇంట్లో మంచినీళ్లు గూడా తాగను. ఎవురింట్లోనైనా ఇంతే."

నాన్న విసురుగా లేచి లోపలికి వెళ్లిపోయారు. సొంత అక్క ఇంటికి తమ్ముడు క్యారియరు తెచ్చుకున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. అమ్మకు భయం పట్టుకుంది, పుట్టింటి దారి మూసుకుపోతుందేమోనని. నాకైతే ఆ రోజు మామయ్య మీద ఒళ్లు మండిపోయింది.

విచారణ రోజు ఆయన కుర్చీలోంచి లేచి బయట వరండాలో కూర్చున్నారట. మిగతా సభ్యులు ఒకటే అడిగారు, చేపల గంపలతో వచ్చే ఆడవాళ్లను ఎక్కించుకుంటారా అని. ఒడ్డు వెంబడి నడిచే ప్రతి బస్సుకూ మామయ్య పెట్టిన నియమం అది. మా నాన్న అబద్ధమాడే మనిషి కాదు. నీచునీళ్లు కారితే మిగతా జనం ఎక్కరని చెప్పేశారు. గంపలకు వెనక వేరే చోటు కట్టిస్తానన్న ఇంకొకాయనకు పర్మిట్ వెళ్లింది. మొన్న మాకు కబురు తెచ్చింది ఆ బస్సు డ్రైవరే.

తరవాత మా ఇంట్లో మామయ్య పేరెత్తినవాళ్లు లేరు. ఆయనా రాలేదు. పైకి అప్పీలు చేసుకోవడానికి నాన్నకు గడువుందని, అది దాటేదాకా అర్జీ తేలినట్టు కాదని మామయ్య లెక్క. ఆ సంగతి తెలియని అమ్మ మాత్రం, తమ్ముడు తనను వదులుకున్నాడని కుమిలిపోయింది. నాన్న అప్పీలు చేయలేదు.

గడువు దాటిన మర్నాడు, ఎండ మండిపోతుండగా, మామయ్య రోడ్డు మీంచి నడిచొచ్చి గడప బయట నిలబడ్డారు. నాన్న వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయన ముఖం తిప్పుకుంటే ఇక అంతే.

"బావా, గడువు అయిపోయినాది. ఆకలేస్తా ఉండాది," అన్నారు మామయ్య.

నాన్న ఆయన చేతులవైపు చూశారు. "ఏమయ్యా, క్యారియరేది?"

"తీసుకురాలా."

నాన్న మంచం దిగారు. తరవాత లోపలికి కేకేశారు: "ఏమే, నీ తమ్ముడొచ్చినాడు. ఆకెయ్యి."

ఇన్నాళ్లూ పట్టిన బిగువంతా ఆ ఒక్క కేకతో సడలిపోయింది. ఆ రోజు చేపల పులుసు, మామిడికాయ ముక్కలేసి. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. మామయ్య రెండుసార్లు వేయించుకుని, ఇక చాలక్కా అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. అమ్మ ఆగలేదు. కళ్లనీళ్లు తుడుచుకోకుండానే, ఆ చేతి మీదే గరిటెడు పులుసు పోసింది.